పరుగులో పడిపోవడం వేరు, పరుగు ఆపాక పడిపోవడం వేరు

జిమ్‌లో ట్రెడ్‌మిల్ పక్కన కుప్పకూలిన మనిషి సీసీటీవీ వీడియో. పోలీసు ఈవెంట్స్‌లో గీత దాటగానే నేలకొరిగిన అభ్యర్థి గురించి వార్త. కబడ్డీ కూతకు వెళ్లి మధ్యలోనే పడిపోయిన కుర్రాడి ఫొటో. వాట్సాప్ గ్రూపుల్లో ఈ మూడింటికీ ఒకటే శీర్షిక పడుతుంది: 'వ్యాయామం చేస్తుండగా గుండెపోటు'. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ ఉదయం వ్యాయామం చేశాక అస్వస్థతకు గురై 46 ఏళ్లకే కన్నుమూసినప్పటి నుంచి ఈ భయం మన ఇళ్లలోనూ బలంగా పాతుకుంది.

గుండె లయను చూసే డాక్టర్లు ఇలాంటి కేసు రాగానే ముందు సమయం అడుగుతారు. కాళ్లు ఇంకా కదులుతుండగా పడ్డాడా, ఆగాక పడ్డాడా? ఆగాక అయితే ఎన్ని సెకన్లకు? పడబోతున్నట్టు ముందే తెలిసిందా? ఈ జవాబుల్లో ఉన్నంత సమాచారం చాలాసార్లు మొదటి ఈసీజీలో కూడా ఉండదు.

నాలుగు మాటలు, నాలుగు వేర్వేరు సంగతులు

సొమ్మసిల్లడం అంటే మెదడుకు రక్తం కాసేపు తగ్గి స్పృహ తప్పడం, మళ్లీ తనంతట తానే తేరుకోవడం. రక్తప్రవాహం ఆరు నుంచి ఎనిమిది సెకన్లు ఆగితే చాలు, నిలబడ్డ మనిషి పడిపోతాడు.

గుండెపోటు అంటే గుండె కండరానికే రక్తం తీసుకెళ్లే కరోనరీ ధమని మూసుకుపోవడం. రోగి చాలాసార్లు స్పృహలోనే ఉంటాడు, ఛాతీ పట్టుకుని మాట్లాడుతుంటాడు కూడా.

కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె రక్తాన్ని నెట్టడం మానేయడం. దానికి గుండెపోటు ఒక కారణం కావచ్చు, అదే ఏకైక కారణం కాదు. రక్తనాళాల్లో ఏ అడ్డూ లేని 18 ఏళ్ల పిల్లవాడికి కూడా రావచ్చు.

అరిథ్మియా అంటే లయ తప్పడం. ఇందులో హాయిగా వదిలేయదగిన అదనపు స్పందన నుంచి నిమిషాల్లో ప్రాణం తీసే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ వరకు అన్నీ ఉన్నాయి. 'నాకు అరిథ్మియా ఉందట' అన్న ముక్కతో ఏమీ తేలదు. ఏ రకం, ఎప్పుడు, ఎలాంటి గుండెలో అన్నది తెలియాలి.

1600 మీటర్లు పరిగెత్తి ఆగినవాడి ఒంట్లో ఏం జరుగుతుంది

లెక్క వేసి చూద్దాం. విశ్రాంతిలో ఒక యువకుడి గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటూ ప్రతిసారీ 70 మిల్లీలీటర్లు నెడుతుందనుకుంటే నిమిషానికి 4.9 లీటర్లు. చివరి ల్యాప్‌లో అదే గుండె 190 సార్లు కొట్టుకుంటూ 110 మిల్లీలీటర్ల చొప్పున నెడితే దాదాపు 21 లీటర్లు. ఆ రక్తంలో నాలుగింట మూడొంతులకు పైగా కండరాలకే పోతుంది. వాటికి దారి ఇవ్వడానికి కాళ్లలోని చిన్న ధమనులు పూర్తిగా తెరుచుకుని ఉంటాయి. వేడి బయటికి పంపడానికి చర్మంలోని నాళాలు కూడా.

ఇంత రక్తం కిందికి వెళ్లాక తిరిగి పైకి రావాలి. ఆ పని పిక్క కండరాలు చేస్తాయి. ప్రతి అడుగుకూ అవి బిగుసుకుని సిరల్లోని రక్తాన్ని పైకి పిండుతాయి. సిరల్లోని కవాటాలు దాన్ని మళ్లీ జారనివ్వవు. పిక్కను రెండో గుండె అనేది అందుకే.

ఇప్పుడు గీత దాటాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పిక్కలు పని ఆపేశాయి గానీ నాళాలు వెంటనే ముడుచుకోవు, అందుకు నిమిషాలు పడుతుంది. రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. గుండెకు తిరిగొచ్చేది తగ్గితే గుండె నెట్టేదీ తగ్గుతుంది, బీపీ జారిపోతుంది. చెవుల్లో హోరు, కళ్లు బైర్లు కమ్మడం, చల్లటి చెమట, కడుపులో తిప్పడం, ఆపైన పడిపోవడం. పడ్డాక తలా గుండె ఒకే ఎత్తుకు వస్తాయి కాబట్టి అర నిమిషంలో తేరుకుంటాడు. లేచి ఎక్కడున్నాడో, ఏ ల్యాప్ పూర్తిచేశాడో సరిగ్గా చెబుతాడు.

వ్యాయామానికి సంబంధించిన సొమ్మసిల్లడాల్లో ఎక్కువ భాగం ఈ కోవకే చెందుతాయి. తెల్లవారుజామున ఏమీ తినకుండా గ్రౌండ్‌కి రావడం, వరుసలో గంటల తరబడి నిలబడటం, నీళ్లు తక్కువ తాగడం, ఎండ, అన్నీ బీపీని ఇంకాస్త కిందికి లాగేవే. పరుగు ముగిశాక రెండు మూడు నిమిషాలు నడిపించమని కోచ్‌లు చెప్పేది కూడా పిక్కల పని హఠాత్తుగా ఆగకుండా ఉండటానికే.

కాళ్లు కదులుతుండగానే పడిపోతే

కబడ్డీ కోర్టులో 19 ఏళ్ల రైడర్. కూత సాగుతోంది, కాలు చాచాడు, ఎవరూ తాకలేదు, ముందుకు మొహం మీదే పడ్డాడు. చేతులు అడ్డం పెట్టుకోలేదు, పెదవి చిట్లింది. 20 సెకన్లకు లేచి 'ఏమైంది' అన్నాడు.

ఇక్కడ పిక్కలు పనిచేస్తూనే ఉన్నాయి, రక్తం తిరిగొస్తూనే ఉంది. అయినా మెదడుకు అందలేదంటే ముందుగా అనుమానించాల్సినవి రెండు. గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే దగ్గర అడ్డు ఉండటం, లేదా లయ చెడిపోవడం. లయ చెడితే ఏమవుతుందో పై లెక్కలోనే చూడవచ్చు. గుండె కింది గదులైన జఠరికల్లో పుట్టిన లయ గుండెను 250కి పరిగెత్తించిందనుకుందాం. నిండటానికి సమయం లేక ఒక్కో స్పందనకు 15 మిల్లీలీటర్లే వెళ్లాయనుకుంటే మొత్తం 3.75 లీటర్లు, విశ్రాంతిలో వెళ్లేదానికంటే తక్కువ. కాళ్లలో నాళాలేమో బార్లా తెరిచి ఉన్నాయి. బీపీ కూలిపోవడానికి ఐదారు సెకన్లు చాలు. కళ్లు తిరుగుతున్నాయని చెప్పే వ్యవధి కూడా ఉండదు.

పెదవి చిట్లిందన్న వివరం డాక్టరుకు అందుకే విలువైనది. కళ్లు బైర్లు కమ్మినవాడు గోడ పట్టుకుంటాడు, కూర్చుంటాడు. ముందస్తు హెచ్చరిక లేనివాడు మొహం మీద పడతాడు.

కారణాలు వయసును బట్టి మారతాయి. 35 దాటినవారిలో ఎక్కువగా కనిపించేది కరోనరీ ధమనుల్లో పూడిక. అంతకంటే చిన్నవారిలో పుట్టుకతోనో జన్యువులతోనో వచ్చిన లోపాలు ముందుకొస్తాయి.

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిలో గుండె గోడ మందంగా పెరుగుతుంది. ఇది దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. 2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియోన్‌లో కొలంబియాతో మ్యాచ్ ఆడుతూ మైదానం మధ్యలో కూలిన కామెరూన్ ఫుట్‌బాలర్ మార్క్ వివియెన్ ఫోయేకు పోస్టుమార్టంలో బయటపడింది ఇదే. కొందరిలో కరోనరీ ధమని పుట్టవలసిన చోట పుట్టక రెండు పెద్ద నాళాల మధ్య నుంచి వెళుతుంది, శ్రమలో నొక్కుకుపోతుంది. ఏఆర్‌వీసీ అనే జబ్బులో కుడి జఠరిక కండరం క్రమంగా కొవ్వుగా, మచ్చగా మారుతుంది. ఏళ్ల తరబడి దూరపరుగులు దాన్ని మరింత ముదిరేలా చేస్తాయి. వైరల్ జ్వరం తర్వాత గుండె కండరం వాచిన మయోకార్డైటిస్ కూడా ఇదే జాబితాలోకి వస్తుంది. జ్వరం తగ్గకముందే గ్రౌండ్‌కి వెళ్లడం ప్రమాదకరమయ్యేది ఈ కారణంగానే.

ఇవి స్కాన్‌లో కంటికి కనిపించే లోపాలు. గుండె ఆకారం చక్కగా ఉండి విద్యుత్తులోనే తేడా ఉండేవి ఇంకో రకం. లాంగ్ క్యూటీ అనే జబ్బులో ప్రతి స్పందన తర్వాత గుండె తిరిగి సిద్ధం కావడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఈ జబ్బులో మొదటి రకానికి శ్రమ, అందులోనూ ఈత, పేరుమోసిన ప్రేరకం. సీపీవీటీ అనే అరుదైన జబ్బులో విశ్రాంతి ఈసీజీ, గుండెను స్కాన్ చేసే ఎకో రెండూ నిక్షేపంగా ఉంటాయి. అడ్రినలిన్ పెరిగినప్పుడు మాత్రం గుండె కణాల్లో కాల్షియం కారి, ప్రాణాంతకమైన లయ పుడుతుంది. అందుకే కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు 'ఎవరికైనా గుండె జబ్బుందా' అన్న ప్రశ్న సరిపోదు. ఈత బాగా వచ్చినా బావిలో మునిగిపోయిన మేనమామ, నిద్రలో పోయిన చిన్నాన్న, కారణం తేలని రోడ్డు ప్రమాదం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మేనరికాలు ఎక్కువున్న మన కుటుంబాల్లో ఇంకొక సంగతి ఉంది. పుట్టు చెవుడుతో కలిసి వచ్చే లాంగ్ క్యూటీ ఒకటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపమున్న జన్యువు వస్తేనే ఆ జబ్బు వస్తుంది, రక్తసంబంధంలో పెళ్లిళ్లయినచోట దానికి అవకాశం పెరుగుతుంది.

ఫిట్స్ అనుకుని దారి తప్పే కేసులు

మెదడుకు రక్తం ఆగితే చేతులు కాళ్లు కొన్ని సెకన్లు కొట్టుకోవచ్చు. చూసినవాళ్లు ఫిట్స్ అంటారు, చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. పిల్లాడు లేచేసరికి తాళాల మహిమ ఖాయమైపోతుంది. లయ తనంతట తాను సర్దుకుందన్న సంగతి ఎవరి దృష్టికీ రాదు. లాంగ్ క్యూటీ, సీపీవీటీ ఉన్న పిల్లలు కొందరు మూర్ఛ మందులు వాడుతూ ఏళ్లు గడిపేయడం వైద్య సాహిత్యంలో పదేపదే నమోదైన విషయం. తేడా సాధారణంగా తర్వాతి నిమిషాల్లో కనిపిస్తుంది. మూర్ఛ తర్వాత చాలాసేపు మగత, అయోమయం ఉంటాయి, నాలుక పక్కన కరుచుకున్న గుర్తు ఉండొచ్చు. గుండె కారణమైతే రంగు పాలిపోయి, తేరుకున్నాక త్వరగా తేటపడతారు.

మగతతో పాటు ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ ఉంటే అది మూడో సంగతి, వడదెబ్బ. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మెదడు దెబ్బతింటోందన్నమాట. రోహిణి కార్తెలో సెలక్షన్లు పెట్టేవాళ్లకు ఇది బాగా తెలిసి ఉండాలి.

ఆగాక పడితే ఏమీ కాదా? అంత తేలిక కాదు

పరుగులో పడటానికీ ఆగాక పడటానికీ మధ్య ఇప్పటిదాకా గీసిన విభజన ఉపయోగపడేదే గానీ దాన్ని గుడ్డిగా నమ్మితే మోసపోతాం. గోడ మందంగా ఉన్న గుండెలోకి రక్తం తక్కువ వచ్చినప్పుడు బయటికెళ్లే దారి ఇంకా ఇరుకవుతుంది. కాళ్లలో రక్తం నిలిచిపోయిన ఆ మొదటి నిమిషమే వాళ్లకు గడ్డుకాలం.

ఇంకోటి పొటాషియం. గట్టిగా శ్రమిస్తున్న కండరాలు రక్తంలోకి పొటాషియం వదులుతాయి. ఆగగానే ఒకటి రెండు నిమిషాల్లో అది వేగంగా పడిపోతుంది. అడ్రినలిన్ వర్గం హార్మోన్లు మాత్రం ఇంకా పైనే ఉంటాయి. శ్రమలో ఈ రెండూ ఒకదాని ప్రభావాన్ని ఒకటి కొంత తట్టుకుంటాయి, ఆగాక ఆ పొందిక చెడుతుంది. పూడికలున్న గుండెలో లయ తప్పడానికి అనువైన సమయమిది. కాబట్టి ఆగిన వెంటనే పడినా, ముందస్తు సూచన లేకపోయినా, ఛాతీ నొప్పో దడో తోడైనా, ఇంట్లో హఠాన్మరణం ఉన్నా 'గ్యాసూ నీరసమూ' అని పంపేసే కేసు కాదు.

దడ, తప్పిన స్పందన, చేతి గడియారం

మధ్యలో ఒక బీట్ ఎగిరిపోయినట్టు, తర్వాతిది గట్టిగా తన్నినట్టు అనిపించడం చాలామందికి ఉంటుంది. నిజానికి ఎగిరిపోవడం ఉండదు. తొందరపడి ఒక అదనపు స్పందన వచ్చి, తర్వాత విరామం పడుతుంది. ఆ విరామంలో గుండె ఎక్కువ నిండి గట్టిగా నెడుతుంది. మనకు తెలిసేది ఆ తన్నే. విశ్రాంతిలో వచ్చి వ్యాయామం పెరిగేకొద్దీ మాయమైతే, ఎకో మామూలుగా ఉంటే, ఎక్కువసార్లు నిరపాయం. వేగం పెరిగేకొద్దీ ఎక్కువైతే, వరుసగా రెండు మూడు వస్తే కారణం వెతుకుతారు.

స్మార్ట్ వాచ్ 'హార్ట్ రేట్ 178' అని చూపిందని హడలిపోయి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. గడియారం వెనకున్న పచ్చ వెలుతురు చర్మం కింద రక్తపు అలను చదువుతుంది. పట్టీ వదులుగా ఉంటే చెయ్యి ఊపే లయనే నాడి అనుకుంటుంది. పరిగెత్తేవాళ్ల అడుగులు నిమిషానికి 160 నుంచి 180. తెర మీద అంకె సరిగ్గా అక్కడే అతుక్కుపోయి, నడకకు మారగానే ఒక్కసారిగా పడిపోతే అది అడుగుల లెక్క అయ్యుండొచ్చు. ఛాతీకి కట్టే పట్టీ ఇందులో మెరుగు. గుండె పై భాగంలో పుట్టే వేగపు లయ, అంటే నిజమైన ఎస్‌వీటీ అయితే 130 నుంచి 200కి మెట్లు ఎక్కకుండా ఒక్క గెంతులో పోతుంది, ఆగి కూర్చున్నా తగ్గదు, తగ్గినప్పుడు స్విచ్ ఆపినట్టు తగ్గుతుంది.

గరిష్ఠ వేగం గురించి జిమ్ గోడల మీద ఉండే '220 నుంచి వయసు తీసేయి' సూత్రం సగటు మాత్రమే. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేయమనేది ఇంకో సూత్రం. 40 ఏళ్లకు రెండూ 180 ఇస్తాయి. 60 ఏళ్లకు మొదటిది 160, రెండోది 166. మనిషికీ మనిషికీ పది పన్నెండు బీట్ల తేడా మామూలే. అంకె దాటడమే జబ్బు కాదు.

మామూలు ఈసీజీ ఏం చెప్పలేదు

పడుకోబెట్టి తీసే ఈసీజీ పది సెకన్ల గుండెను చూస్తుంది. పరుగులో జరిగిన దానికి విశ్రాంతిలో తీసిన కాగితం పూర్తి జవాబు కాలేదు. అయినా దాన్నే ముందు తీస్తారు, క్యూటీ (స్పందన మొదలై గుండె తిరిగి సిద్ధమయ్యేదాకా పట్టే సమయం) వంటివి అందులోనే దొరుకుతాయి గనుక. అదీ యంత్రం అచ్చేసిన అంకెను నమ్మితే సరిపోదు, నాడి వేగాన్ని బట్టి సవరించి చూడాలి. ఉదాహరణకు నాడి 100, కొలిచిన క్యూటీ 360 మిల్లీసెకన్లు. రెండు స్పందనల మధ్య 0.6 సెకను, దాని వర్గమూలం 0.775. భాగిస్తే సవరించిన క్యూటీ 465, అనుమానించే హద్దులోకి వచ్చేసింది. అదే మనిషి కుదుటపడ్డాక నాడి 60, క్యూటీ 410 అయితే సవరించినదీ 410, మామూలే. నాడి వేగంగా ఉన్నప్పుడు ఈ పాత సూత్రం ఎక్కువ చేసి చూపిస్తుంది. భయంతో గుండె కొట్టుకుంటున్న పిల్లకు తీసిన ఒక్క ఈసీజీతో లాంగ్ క్యూటీ ముద్ర వేయకపోవడానికి ఇదే కారణం. 500 దాటితే మాత్రం తాత్సారం చేయరు.

ఆ తర్వాత ఎకో, దాని తర్వాత ట్రెడ్‌మిల్ టెస్ట్ (టీఎంటీ). ఈ వరుస ముఖ్యం. కవాటం తీవ్రంగా ఇరుకైందనో, గోడ మందంగా ఉండి దారి మూసుకుంటోందనో తెలియకుండా రోగిని పరిగెత్తించడం ప్రమాదం. ఇక టీఎంటీలో ఎక్కువగా జరిగే పొరపాటు, అంచనా వేగంలో 85 శాతం చేరగానే ఆపేయడం. 20 ఏళ్ల రైడర్‌కు అది 170. పూడికల కోసమైతే ఆ హద్దుకు అర్థముంది. కోర్టులో 190 దగ్గర పడిపోయినవాడిని 170 దగ్గర ఆపి 'నెగెటివ్' అని రాస్తే ఏమీ తేల్చనట్టే. పడినప్పటి తీవ్రతకు తీసుకెళ్లాలి, ఆపాక కూడా కొన్ని నిమిషాలు తీగలు తీయకూడదు. నెలకోసారి వచ్చే లక్షణాన్ని 24 గంటలు ఒంటికి కట్టుకునే ఈసీజీ పరికరం హోల్టర్ పట్టుకోవడం అదృష్టం మీద ఆధారపడిన సంగతి. అలాంటప్పుడు చర్మం కింద అమర్చే చిన్న లూప్ రికార్డరు పనికొస్తుంది. మచ్చలు, వాపు చూడటానికి ఎంఆర్‌ఐ.

అందరికీ ముందే ఈసీజీ తీయిస్తే?

ఇటలీ 1982 నుంచి పోటీ క్రీడాకారులందరికీ ఈసీజీతో కూడిన పరీక్ష తప్పనిసరి చేసింది. వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల హఠాన్మరణాలు ఏటా లక్షకు 3.6 నుంచి 0.4కి తగ్గాయని 2006లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. ఇజ్రాయెల్ కూడా 1997లో తప్పనిసరి చేసింది. అక్కడ ముందూ తర్వాతా పెద్ద తేడా లేదని 2011లో తేలింది. అమెరికా గుండె వైద్యుల సంఘం 14 అంశాల ప్రశ్నలు, శారీరక పరీక్ష చాలంటుంది, అందరికీ ఈసీజీని సిఫారసు చేయదు.

తేడా ఎందుకో ఒక ఊహా లెక్కతో తెలుస్తుంది. లక్ష మంది యువ క్రీడాకారుల్లో 300 మందికి దాగిన జబ్బు ఉందనుకుందాం. ఈసీజీ వందకు 80 మందిని పట్టుకుంటే 240 మంది దొరుకుతారు, 60 మంది తప్పిపోతారు. జబ్బు లేని 99,700 మందిలో 3 శాతానికి తప్పుగా అనుమానం వస్తే 2,991 మంది. అంటే అనుమానం వచ్చిన 3,231 మందిలో నిజంగా జబ్బున్నది 7 శాతం చిల్లర. మిగతావాళ్లందరికీ ఎకో, ఎంఆర్‌ఐ, నెలల ఆందోళన, కొందరికి సెలక్షన్ పోవడం. ఆ 240 మందిలోనూ ఎక్కువమంది ఎప్పటికీ పడిపోయేవాళ్లు కాకపోవచ్చు. ఇటలీలో ఈసీజీ చదివేది క్రీడా వైద్యంలో తర్ఫీదైన డాక్టర్లు. క్రీడాకారుడికి నాడి 45 ఉండటం, కొన్ని స్పందనలు ఆలస్యంగా అందడం మామూలేనని వాళ్లకు తెలుసు. చదివేవాళ్లు లేనిచోట యంత్రం ఒక్కటి కొని పెడితే ఆ 2,991 ఇంకా పెరుగుతుంది. లక్షణాలు లేనివారి గురించే ఈ వాదనంతా. ఒకసారి పరుగులో పడిపోయినవాడికి పరీక్షలు కావాలా వద్దా అన్నదానిపై ఎక్కడా వాదన లేదు.

వ్యాయామమే ముప్పా?

22 వేల మంది మగ డాక్టర్లను ఏళ్లపాటు గమనించి 2000లో ప్రచురించిన అమెరికన్ అధ్యయనంలో ముప్పు ఎన్ని రెట్లో, అసలు ఎంతో రెండూ కనిపిస్తాయి. తీవ్ర శ్రమలోనూ, ఆపైన అరగంటలోనూ హఠాన్మరణ ముప్పు ఇతర సమయాలతో పోలిస్తే దాదాపు 17 రెట్లు. అసలు సంఖ్య చూస్తే 15 లక్షల సార్లు శ్రమిస్తే ఒక మరణం. అదీ రోజూ వ్యాయామం చేసేవారిలో ఆ ముప్పు చాలా తక్కువ, ఎప్పుడో ఒకసారి ఆవేశంగా దిగేవారిలో ఎక్కువ.

మన దేశంలో కొవిడ్ టీకాల మీద పుకార్లు ముసిరినప్పుడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 47 ఆసుపత్రుల నుంచి 18-45 ఏళ్లవారి, కారణం తేలని 729 హఠాన్మరణాలను పోల్చి చూసింది. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో టీకాతో ముప్పు పెరగలేదు. సంబంధం కనిపించినవి గతంలో కొవిడ్‌తో ఆసుపత్రి పాలవడం, కుటుంబంలో హఠాన్మరణం, చనిపోయే ముందు 48 గంటల్లో విపరీతంగా తాగడం, మత్తు పదార్థాలు, తీవ్రమైన శారీరక శ్రమ. ఇవి సంబంధాలే, ఒక్కో మరణానికి కారణాలని దీన్నిబట్టి చెప్పలేం.

జబ్బు తేలాక ఆట మానేయాలా

20 ఏళ్ల కిందట జవాబు సూటిగా ఉండేది: మానేయాలి. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి ఉన్నవారిని, దాని జన్యువు మోస్తున్నవారిని కలిపి 1,660 మందిని గమనించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో గట్టిగా వ్యాయామం చేసినవారికి తక్కువ చేసినవారికంటే ప్రమాదం ఎక్కువేమీ కనిపించలేదు. అయితే వాళ్లంతా నిపుణుల పర్యవేక్షణలో ఉన్నవారు. ఏఆర్‌వీసీ, సీపీవీటీ విషయంలో ఇంత వెసులుబాటు ఎవరూ ఇవ్వడం లేదు.

డెన్మార్క్ ఫుట్‌బాలర్ క్రిస్టియన్ ఎరిక్సన్ 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫిన్లాండ్‌తో మ్యాచ్‌లో మొదటి సగం పూర్తికాకముందే కూలిపోయాడు. మైదానంలోనే ఛాతీ నొక్కి, ఏఈడీ అనే యంత్రంతో ఛాతీ మీద నుంచి షాక్ ఇచ్చి గుండెను తిరిగి కొట్టుకునేలా చేశారు. ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అక్కడ గడిచినవి కొద్ది నిమిషాలే. లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చే ఐసీడీ పరికరాన్ని తర్వాత అమర్చారు. అది ఒంట్లో ఉంటే ఇటలీ నిబంధనలు ఆడనివ్వవు, అందుకే ఇంటర్ మిలాన్‌తో ఒప్పందం రద్దయింది. 2022 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో బ్రెంట్‌ఫర్డ్ తరఫున మళ్లీ మైదానంలోకి దిగాడు. ఇంగ్లండ్ ఆ నిర్ణయాన్ని ఆటగాడికీ, అతని డాక్టర్లకూ, క్లబ్‌కూ వదిలింది.